చెయ్యి లేవడం లేదు, ఆయన మాట్లాడడం లేదు

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా, బంగారుపాళెం దగ్గర పల్లె. నాకు 43 ఏళ్లు. కుడి రొమ్ములో క్యాన్సర్ అని రొమ్ము మొత్తం తీసేశారు, చంకలో గడ్డలు కూడా తీశారు. తొమ్మిది వారాలయింది. కీమో ఎనిమిది సార్లు అన్నారు, రెండయ్యాయి. ఆ తర్వాత కరెంటు పెడతారంట. చెయ్యి భుజం దాటి పైకి పోదు. చంకలో నుంచి మోచేతి దాకా తీగలాగా ఏదో బిగుసుకుని ఉంది. మా అత్త చెంబు కూడా ఎత్తనివ్వదు. నా పళ్లెం, గ్లాసు వేరుగా పెట్టింది. మా ఆడబిడ్డ పుత్తూరు పోయి కట్టు కట్టించుకోమంటుంది. మా ఆయన ఆస్పత్రికి తీసుకుపోతాడు, తీసుకొస్తాడు, కానీ ఆపరేషన్ అయినప్పటి నుంచి వసారాలోనే పడుకుంటాడు. స్నానం చేసేటప్పుడు నేను కిందికి చూసుకోను. రెండు ఆవులున్నాయి, పాలు నేనే పిండేదాన్ని. మళ్లీ పిండగలనా? డిగ్రీ చదివే పాప ఉంది. దానికీ వస్తుందేమో, సంబంధాలు రావేమో అని రాత్రిళ్లు నిద్ర పట్టదు.

జవాబు: అమ్మా, ముందు ఆ తీగ సంగతి. మీరు రాసిన దాన్ని బట్టి అది క్యాన్సర్ మళ్లీ రావడం కాదు, నరం తెగడమూ కాదు. చంకలో గడ్డలు, అంటే లింఫ్ గ్రంథులు, తీసినప్పుడు వాటికి నీరు చేరవేసే సన్నని లింఫ్ నాళాలు దెబ్బతిని గట్టిపడతాయి. చర్మం కింద తాడులా బిగుసుకుని, చెయ్యి పక్కకు చాపితే పైకి తేలి కనబడతాయి. డాక్టర్లు ఆక్సిలరీ వెబ్ సిండ్రోమ్ అంటారు. ఆపరేషన్ అయిన మొదటి రెండు నెలల్లో చాలామందికి వచ్చేదే, సాగదీస్తూ ఉంటే ఎక్కువమందికి కొన్ని నెలల్లో వదులవుతుంది. అయినా వచ్చే కీమోకి పోయినప్పుడు సర్జన్ చేత ఒకసారి చూపించుకోండి. చంకలో విడిగా గట్టి గడ్డ చేతికి తగిలితే మాత్రం కీమో రోజు దాకా ఆగొద్దు.

పుత్తూరు కట్టు మీద మన జిల్లాలో ఎంత నమ్మకం ఉందో తెలుసు. కానీ అది విరిగిన ఎముకకు. మీ ఎముక బాగానే ఉంది. చంకలో గడ్డలు తీసేసిన చేతికి లోపలి నీరు వెనక్కి పోయే దారులు ఇప్పటికే తగ్గాయి, వాటి మీద బిగించి కట్టు కడితే చెయ్యి వాస్తుంది. నూనె పోసి గట్టిగా రుద్దించుకోవడమూ అంతే. ఆడబిడ్డతో గొడవ పెట్టుకోకండి, డాక్టరు వద్దన్నారని చెప్పేయండి.

మీ అత్త చెంబు ఎత్తనివ్వకపోవడం ప్రేమే. కానీ ఇప్పుడు మీ చెయ్యి బిగుసుకోవడానికి ఆ విశ్రాంతే పెద్ద కారణం. కుట్లు మానేదాకా, డ్రెయిన్ పైపు ఉన్నదాకా చెయ్యి భుజం ఎత్తు దాటించకూడదన్నది నిజం. ఆ గడువు మీకు ఎప్పుడో అయిపోయింది. ఇంకా అలాగే ఉంచితే భుజం కీలు పట్టేస్తుంది. అప్పుడు ఇంకో చిక్కు ఉంది. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టేటప్పుడు మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి చెయ్యి తలపైకి పెట్టి ఉంచమంటారు. మొదట కొలతలకు తీసే స్కాన్‌లోనూ అంతే, రోజూ అదే భంగిమ, కదలకూడదు. చెయ్యి పైకి పోకపోతే ఆ స్కానే వాయిదా పడుతుంది. మీకు ఇంకా ఆరు కీమోలున్నాయి, మూడు వారాలకొకటి అనుకున్నా నాలుగు నెలల దాకా సమయం ఉంది. సరిపోతుంది, కానీ ఈరోజే మొదలుపెడితేనే.

ఆస్పత్రిలో ఇచ్చే బొమ్మల కాగితం అందరికీ ఒకటే. మీకు రెండు లక్ష్యాలు పెట్టుకుందాం: చెయ్యి తల వెనక్కి చేరడం, ఆ తర్వాత ఆవు దగ్గర కూర్చోవడం.

పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పదేసి నిమిషాలు చాలు. గోడకు ఎదురుగా ఒక అడుగు దూరంలో నిలబడి కుడిచేతి వేళ్లను చీమ పాకినట్టు గోడ మీద పైకి పాకించండి. లాగినట్టు అనిపించిన చోట పది అంకెలు లెక్కపెట్టి, వేళ్లతోనే కిందికి దించండి. అలా ఐదు సార్లు. ఎంత ఎత్తు పోయిందో సుద్దముక్కతో గీత గీసి పక్కన తేదీ రాయండి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది: చెయ్యి పోకపోతే భుజాన్ని చెవి దాకా ఎత్తడం, నడుమును వెనక్కి వంచడం. గీత పైకి పోతుంది కానీ కీలు కదలదు. పాపను పక్కన నిలబెట్టి భుజం మీద చెయ్యి వెయ్యమనండి, అది లేస్తే చెప్పమనండి.

తర్వాత చాప మీద వెల్లకిలా పడుకుని చీపురు కర్ర లాంటిది రెండు చేతులతో పట్టుకోండి. ఎడమచేతి బలంతో కుడిచేతిని తల మీదుగా వెనక్కి తీసుకుపోయి ఐదు అంకెలు ఆపండి. ఇదీ ఐదారు సార్లు. ఆ పడుకున్న భంగిమలోనే వేళ్లు మెడ వెనక కలిపి మోచేతులు నేలకు ఆనేలా వదలండి. మొదటి వారాల్లో కుడి మోచెయ్యి నేలకు జానెడు పైనే ఆగిపోతుంది, దిగులు పడొద్దు. తీగ కోసం వేరే ఉంది: చెయ్యి పక్కకు చాపి, అరచెయ్యి ఆకాశం వైపు తిప్పి, మణికట్టును నిదానంగా వెనక్కి వంచండి. తీగ పొడవునా లాగుతుంది. పదిహేను అంకెలు ఆపి వదలండి. ఒక్కోసారి టప్‌మని వదిలినట్టయి చెయ్యి తేలికవుతుంది. అది మంచిదే, కానీ కావాలని తెంపబోకండి.

లాగినట్టుంటే సరే. పొడిచినట్టు నొప్పి వస్తే, ఆ నొప్పి మరునాటికీ తగ్గకపోతే ఎక్కువ చేసినట్టు. చేసేముందు నొప్పి మాత్ర వేసుకోవాలనుకుంటే డాక్టర్ని అడిగే వేసుకోండి, వేసుకునే ముందు జ్వరం చూసుకోండి. కీమో మధ్యలో తెల్లకణాలు తగ్గుతాయి, ముఖ్యంగా డోసు అయిన రెండో వారంలో. పారాసిటమాల్ జ్వరాన్ని కప్పేస్తుంది. 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా ఆస్పత్రికే. పొద్దున చూద్దాం అనే జ్వరం కాదది.

చేతి లోపలి వైపు తిమ్మిరిగా, మొద్దుబారినట్టు ఉంటుంది, అక్కడి స్పర్శ నరం దెబ్బతిన్నందువల్ల. కొంత ఎప్పటికీ ఉండిపోవచ్చు. అక్కడ వేడి తెలియదు కాబట్టి వేడినీళ్ల కాపడం పెట్టొద్దు.

ఇప్పుడు వాపు. చంకలో గడ్డలన్నీ తీసినవాళ్లలో ఐదుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి వాస్తుంది, ఏళ్ల తర్వాత కూడా. తొందరగా పట్టుకుంటే అదుపులో ఉంటుంది, ఆలస్యమైతే గట్టిపడిపోతుంది. పట్టుకోవడానికి దర్జీ టేపు చాలు. మణికట్టు ఎముక దగ్గర, అక్కడి నుంచి 10 సెంటీమీటర్లు పైన, మోచేతి మడత నుంచి 10 సెంటీమీటర్లు పైన, మూడు చోట్ల రెండు చేతులూ కొలిచి నోటుపుస్తకంలో రాయండి. వారానికోసారి, ఒకే వేళకు. కుడిచేతి వాటం వాళ్లకు కుడిచెయ్యి మొదటి నుంచీ కాస్త లావు ఉంటుంది, కాబట్టి తొలి కొలతలోని తేడానే ఆధారం. దానికంటే 2 సెంటీమీటర్లు పెరిగితే, లేదా కొలత పెరగకపోయినా చెయ్యి బరువెక్కి, ఉంగరం, గాజులు బిగిస్తుంటే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పోవాలి. బిగుతు చేతితొడుగు వాళ్లు కొలిచి ఇచ్చిందే వాడాలి, అంగట్లో అందిందల్లా కాదు. చెయ్యి ఎర్రబడి, కాలుతూ, జ్వరం వస్తే చర్మంలో ఇన్ఫెక్షన్, ఆ రోజే యాంటీబయాటిక్ పడాలి.

ఆ టేపు పట్టుకునే పని మీ ఆయనకు ఇవ్వండి. పిచ్చి సలహాలా కనిపించొచ్చు. వసారాలో పడుకునే మగవాళ్లలో చాలామందికి అసహ్యం ఉండదు, భయం ఉంటుంది: తగిలితే నొప్పి పుడుతుందేమో, కుట్లు ఊడతాయేమో, ఏం మాట్లాడితే ఏడుస్తుందో అని. దగ్గరికి రాకపోవడం జాగ్రత్త అనుకుంటారు, మీరేమో వదిలేశాడనుకుంటారు. బస్సెక్కించి ఆస్పత్రికి తిప్పుతున్న మనిషి వదిలేసినవాడు కాదు. “ఈ కొలతలు నేనొక్కదాన్నే తీసుకోలేను, ఆదివారం ఆదివారం నువ్వు తియ్యి” అనండి. ముట్టుకోవడానికి ఒక పని దొరికితే మొహమాటం తగ్గుతుంది. రెండు మూడు వారాల తర్వాత “కుడిపక్క దిండు పెట్టుకుంటా, నువ్వు ఎడమపక్క పడుకో, నొప్పేం లేదు” అని మీరే చెప్పండి. అతను ఊహించుకోవాలని ఎదురుచూడొద్దు. దాంపత్యానికి అడ్డేమీ లేదు. కీమో జరుగుతున్నన్నాళ్లు కండోమ్ తప్పనిసరి, గర్భం రాకూడదు, గర్భనిరోధక మాత్రలు మాత్రం వాడకూడదు. కీమో వల్ల పొడిబారి నొప్పి ఉంటే నీటితో తయారైన జెల్లీ మందుల షాపులో దొరుకుతుంది, సిగ్గుపడకుండా తెప్పించుకోండి.

కిందికి చూసుకోవడానికి తొందరలేదు. ముందు జాకెట్టు మీద నుంచే అరచెయ్యి ఆనించండి. కొన్నాళ్లకు కళ్లు మూసుకుని చర్మం మీద. తర్వాత చూడండి, పగటి వెలుతురులో, తలుపు గడియ పెట్టుకుని, ఒక్క నిమిషం. ఏడుపొస్తే ఏడవండి. పుండు పూర్తిగా మాని ఉంటే కొబ్బరినూనె చుక్కతో మచ్చ మీద వేళ్ల కొసలతో చిన్న సున్నాలు చుట్టినట్టు ఐదు నిమిషాలు రాస్తే చర్మం కింది కండకు అతుక్కోకుండా ఉంటుంది. రోజూ ముట్టుకునే చోటు కొన్నాళ్లకు భయపెట్టడం మానేస్తుంది. కరెంటు మొదలయ్యాక మాత్రం నూనె, పసుపు, పౌడరు ఏదీ అక్కడి డాక్టర్లను అడక్కుండా రాయొద్దు. మంగళసూత్రం గొలుసు ఒరుసుకుంటుంటే ఆ రోజుల్లో పసుపుతాడు వేసుకుంటే సరిపోతుంది.

రొమ్ము లేనివైపు ఖాళీగా వదిలేస్తే చూపుకే కాదు, భుజం ఒకవైపు వాలి మెడనొప్పి వస్తుంది. సిలికాన్‌తో చేసిన కృత్రిమ రొమ్మును కరెంటు అంతా అయ్యాక కొలతకు తీసుకోండి. అంతవరకూ మెత్తని నూలుగుడ్డతో గిన్నె ఆకారంలో సంచి కుట్టించి దూది నింపుకోండి. దూది తేలిక కాబట్టి పైకి జరుగుతుంది. అందుకని లోపల మరో చిన్న సంచిలో ఆవాలు కొద్దికొద్దిగా పోస్తూ, అద్దంలో భుజాలు రెండూ సమంగా ఉన్నాయో చూసుకోండి. జాకెట్టు లోపల జేబులాగా కుట్టించి అందులో పెట్టండి. పిన్నీసు వద్దు, తిమ్మిరి ఉన్న చోట గుచ్చుకున్నా తెలియదు.

ఆవుల సంగతి. పిండగలరు. జీవితాంతం బరువెత్తకూడదన్న పాతమాట ఇప్పుడు చెల్లదు. కొంచెం కొంచెంగా బరువు పెంచుకుంటూ పోయే వ్యాయామం వల్ల చెయ్యి వాయదని పరిశోధనల్లో తేలింది. అయితే దూకకూడదు. భుజం కదలిక వచ్చాక అర లీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టి, వాపు లేదని కొలత చెప్తేనే రెండు వారాలకోసారి పెంచండి. కీమో అయ్యేదాకా పేడ తీయడం, గడ్డి కోయడం మీ ఆయనో, కూలి మనిషో చూసుకోవాలి. ఇన్ఫెక్షన్ భయం, పైగా కొడవలి గాటు. పచ్చిపాలు తాగొద్దు. కీమో ముగిసి కరెంటు మంట కూడా తగ్గాక సాధు ఆవుతో, మొదట ఐదు నిమిషాలు పిండి చెయ్యి దించి విశ్రాంతి ఇవ్వండి. బొటనవేలు మడిచి లాగే పద్ధతిలో మణికట్టు మీద భారం ఎక్కువ, గుప్పెటంతా వాడి పిండండి. ఆవు తన్నే వైపు ఛాతీ పెట్టి కూర్చోకండి. పది లీటర్ల పాల క్యాను కేంద్రానికి మోయడం మాత్రం ఇంకా చాలా నెలలు మీ పని కాదు. తర్వాత మీరు గడ్డి కోసేటప్పుడు తొడుగులు వేసుకోండి. గీసుకుంటే వెంటనే సబ్బుతో కడిగి మందు రాయండి.

పళ్లెం, గ్లాసు వేరు పెట్టే విషయంలో మీరు వాదించి గెలవలేరు. కోడలి మాట కంటే డాక్టరు మాటకు విలువ ఎక్కువ, అది మన ఇళ్లలో ఉన్నదే. వచ్చే కీమోకి అత్తనూ తీసుకుపోండి, ఆమె ఎదురుగానే “ఇది అంటుకుంటుందా” అని అడగండి. క్యాన్సర్ అంటుకోదు. కరెంటు పెట్టించుకున్న మనిషి పక్కన కూర్చున్నా ఏమీ కాదు. కీమో మందు మాత్రం రెండు రోజుల దాకా మూత్రంలో, వాంతిలో పోతుంది. ఆ రెండు రోజులు మరుగుదొడ్డిలో నీళ్లు ఎక్కువ పోయాలి, వాంతి శుభ్రం చేసేవాళ్లు తొడుగులు వేసుకోవాలి. అంతే. పనిలో పనిగా మీకు గుడ్లు, పప్పు, సంగటి సరిగా పెట్టే బాధ్యత ఆమెకే అప్పజెప్పండి.

జుట్టు గురించి మీరు రాయలేదు, కానీ ఈపాటికి రాలిపోయి ఉంటుంది. మన వైపు ఆడవాళ్లు కొండకు పోయి తలనీలాలు ఇచ్చి రావడం కొత్త కాదు, గుండును చూసి ఎవరూ ఆగి చూడరు. ఎవరైనా అడిగితే అసలు సంగతి చెప్పాలా, కొండకు పోయొచ్చాననాలా అన్నది మీ ఇష్టం. అందరికీ సంజాయిషీ ఇవ్వాల్సిన పనిలేదు.

పాప విషయం. రొమ్ము క్యాన్సర్లలో పదింటిలో ఒకటో, అంతకు తక్కువో వంశంలో వచ్చేవి. మీకు 50 లోపే వచ్చింది కాబట్టి జన్యు పరీక్ష అవసరమా అని ఆంకాలజిస్టును అడగండి. పరీక్ష ముందు మీకే చేస్తారు, పాపకు కాదు. మీకు ఏమీ లేదని తేలితే పాప మామూలుగానే ఉండొచ్చు, మీకు వచ్చిన వయసుకు పదేళ్ల ముందు, అంటే 33 ఏళ్ల ప్రాంతంలో, ఏటేటా పరీక్షలు మొదలుపెట్టాలా అన్నది డాక్టరు చెప్తారు. సంబంధాల వాళ్లకు ఇప్పుడే ఏమీ చెప్పక్కర్లేదు. పాపకు మాత్రం నిజం చెప్పండి. ఆమె ఇప్పటికే ఫోన్లో వెతికి మీకంటే ఎక్కువ భయపడుతూ ఉంటుంది.

చివరగా నిద్ర. బెంగ ఉండడం వేరు. రెండు వారాలకు పైగా రోజూ దిగులుగా, దేనిమీదా మనసు లేకుండా, నిద్ర, ఆకలి లేకుండా ఉంటే మందు అవసరం కావచ్చు. తిరుపతి రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా తెలుగులో మాట్లాడొచ్చు. బతకడం ఎందుకు అన్న ఆలోచన వస్తే ఆ క్షణమే ఆ నంబరుకు ఫోన్ చేయండి, మీ ఆయనకూ చెప్పండి. మానసిక వైద్యుడికి క్యాన్సర్ మందుల చీటీ తప్పకుండా చూపించాలి. తర్వాత టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర మొదలుపెడితే ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ లాంటి కొన్ని మందులు దాని పనిని తగ్గిస్తాయి, వేరేవి ఉన్నాయి.

ఫిజియోథెరపీకి వేరే రోజు పెట్టుకుంటే బస్సు ఖర్చు, మనిషి తోడు రెండూ కష్టమే. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో ఫిజియోథెరపీ కాలేజీయే ఉంది. మీకు వేలూరు దగ్గరైతే సీఎంసీలోనూ పునరావాస విభాగం ఉంది. కీమో డాక్టరు దగ్గర చీటీ రాయించుకుని, రక్తపరీక్షకు పోయే రోజే అక్కడికీ పోండి. కొలతల నోటుపుస్తకం, గోడమీది గీతకు ఫోన్లో తీసిన ఫొటో తీసుకెళ్లండి. జాకెట్టు ముందు హుక్కులది వేసుకోండి.