దొంగతనం సరే, రిజిస్టరు ఏదీ?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లాలో తమిళనాడు సరిహద్దు పల్లె. 1998లో మా గుడి నుంచి అమ్మవారి పంచలోహ ఉత్సవ విగ్రహాన్ని దొంగలు ఎత్తుకుపోయారు. రెండేళ్ల కిందట అది న్యూయార్క్‌లోని ఒక మ్యూజియం వెబ్‌సైటులో కనిపించింది. అమరావతి శిల్పాల మాదిరే ఇదీ దోపిడీయే కదా, అడిగితే ఇవ్వరా? చట్టం దృష్టిలో దేవుడు మైనరు కనుక దావా గడువు వర్తించదంటున్నారు, నిజమేనా? పాత తేదీతో ఆస్తుల జాబితా రాసి పెట్టుకోవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: నాలుగు పేజీల మీ ఉత్తరంలో ఊరి బాధే ఎక్కువగా ఉంది. కేసును తేల్చే సంగతి, అంటే విగ్రహం గుడి ఆస్తుల రిజిస్టరులో ఉందో లేదో తెలియదన్నది, చివర ఒక్క వాక్యంలో దాటవేశారు.

అమరావతిని పక్కన పెట్టండి. ఆ శిల్పాలు 19వ శతాబ్దంలో, పరాయి పాలనలో లండన్‌కు తరలిపోయినవి. వాటిని ఇచ్చివేయకుండా బ్రిటిష్ మ్యూజియం ట్రస్టీల చేతులను అక్కడి 1963 నాటి చట్టమే కట్టివేసింది. మీది మామూలు దొంగతనం, అదే మీకు బలం. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అడ్డుకునే 1970 నాటి యునెస్కో ఒప్పందంలో భారత్ 1977లో, అమెరికా 1983లో చేరాయి గనుక, ఆ తరువాత గుడిలో పోయిన వస్తువును తిరిగి ఇమ్మని మన ప్రభుత్వం అడగవచ్చు. అయితే అది ఆ గుడి జాబితాలో నమోదైనదని పత్రంతో చూపాలి.

రిజిస్టరు ఒక్కటే చాలదు, అది ఈ విగ్రహమేనని కూడా రుజువు కావాలి. మీరు పంపిన కల్యాణోత్సవం ఫొటోలు పట్టుచీరకూ పూలదండలకూ తప్ప దేనికీ సాక్ష్యం కావు. అభిషేకం వేళ తీసిన ఫొటో ఒక్కటున్నా, విరిగిన వేలు, పీఠం అంచున నొక్కు, ఊరేగింపు కడ్డీల రంధ్రాలు కనబడతాయి. ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2008లో 50 లక్షల అమెరికన్ డాలర్లకు కొన్న, తమిళనాడులోని శ్రీపురందన్ గుడి నటరాజును 2014లో తిరిగి ఇచ్చిందంటే, విగ్రహం గుడిలో ఉండగా తీసిన ఛాయాచిత్రాలు పుదుచ్చేరి ఫ్రెంచ్ సంస్థ దగ్గర భద్రంగా ఉండడమే అందుకు ముఖ్య కారణం. మీ ఫిర్యాదులోనేమో ‘సుమారు రెండడుగుల బొమ్మ’ అని మాత్రమే ఉంది. ఇంత నిర్లక్ష్యాన్ని ఏమనాలి?

దేవుడు మైనరన్న మాట కాలపరిమితి విషయంలో మన కోర్టుల్లోనే చెల్లదు. మన చట్టం ప్రకారం చోరీ సొత్తు ఎవరి వద్ద ఉన్నదో తెలిసిన నాటినుంచి మూడేళ్లే గడువు. న్యూయార్క్‌లో ఆ గడువు, వస్తువును తిరిగి ఇమ్మని అడిగితే వాళ్లు కాదన్న నాటినుంచి మొదలవుతుంది కనుక, కమిటీ పేరుతో తొందరపడి మ్యూజియానికి ఈమెయిలు పంపకండి. వాళ్లు కాదంటే గడియారం తిరగడం మొదలైనట్లే. అలాగని ఊరుకుంటే, తెలిసీ ఆలస్యం చేశారన్న వాదన వాళ్లకు దొరుకుతుంది. ఈ రెండేళ్లు ఆ ఫొటోను వాట్సాప్‌లో తిప్పుకుంటూ కూర్చున్నారు.

పాత తేదీతో జాబితా ఊసే ఎత్తకండి. అది ఫోర్జరీ. కాగితం, సిరా ఆ కాలానివి కావని ప్రయోగశాలలో బయటపడవచ్చు. ఒక్క దొంగ కాగితం బయటపడితే మీ నిజమైన ఎఫ్ఐఆర్‌ను కూడా ఎవరూ నమ్మరు.

ఈ వారమే దేవాదాయ శాఖ కార్యాలయంలో 1998కి ముందరి ఆస్తుల రిజిస్టరు నకలు, స్టేషన్లోగానీ కోర్టులోగానీ ఎఫ్ఐఆర్‌, తుది నివేదికల ధ్రువీకృత ప్రతులు అడగండి. అర్చకుల ఇంటి పాత ఆల్బములు వెదకండి. పుదుచ్చేరి సంస్థకు ఊరి పేరుతో రాయండి. అవి చేతికందాక కార్యనిర్వహణాధికారి సంతకంతో జిల్లా ఎస్పీకీ, భారత పురావస్తు సర్వేక్షణ శాఖకూ ఒకే రోజు స్పీడ్ పోస్టులో దరఖాస్తు పంపి, రసీదులు దాచుకోండి. రిజిస్టరులో విగ్రహం లేదని తేలితే, దొరికిన పాత ఫొటోలతో ముందు నన్ను కలవండి.