పిల్లల చేతికి పామునిచ్చే ముందు

చిన్నీ,

నువ్వు పెంచుకోవడానికి బాల్ పైథాన్ అనే చిన్నపాటి కొండచిలువను తెచ్చావని, ఆదివారం పిల్లల చేతికి ఇవ్వబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఒకటే గగ్గోలు. నాకు టెన్షన్‌తో పాటు కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఆ మాట మాత్రం అమ్మతో అనకు.

పెద్దాడికి ఏడేళ్లు కాబట్టి సరే. చిన్నదానికి ఇంకా నాలుగైనా నిండలేదు. అది గాజు బయటి నుంచే చూడాలి, ఏడ్చినా సరే. పాము ఆరోగ్యంగా ఉన్నా దాని ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు సోకితే విరేచనాలు, జ్వరం ఆసుపత్రి దాకా తీసుకెళ్లొచ్చు. ముట్టుకున్నవాళ్లు సబ్బుతో చేతులు కడగాలి. దాని నీళ్ల గిన్నె వంటింటి సింకులో కడిగావో, నేనే వచ్చి నీ చెవి మెలిపెడతా.

అసలు సంగతికొస్తా. మీ బాబాయి కార్న్ స్నేక్ గుర్తుందా? అది కరిచిందని అందరూ దాన్నే తిట్టారు. తిట్టాల్సింది బాబాయిని. ఆ రోజు దానికి మేత పెట్టే రోజు. ఫ్రీజర్‌లోని ఎలుకను గోరువెచ్చని నీళ్లలో కరగబెట్టి, చేతులు ఉత్త నీళ్లతో కడిగేసుకుని, "రా నాన్నా, ముట్టుకుందువు గాని" అని కొడుకును పిలిచి, ముందు తను పెట్టెలో చెయ్యి పెట్టాడు. పాము గబగబా నాలుక ఆడించింది. మెడ మెలితిప్పి వెనక్కి లాక్కుంది. నేను "ఆగు" అనేలోపే బొటనవేలు పట్టేసింది. ఎలుక వాసన వచ్చింది కాబట్టి దాని లెక్కలో అది ఎలుకే. పాము పళ్లు లోపలికి వంగి ఉంటాయి. కదలకుండా ఉండి చల్లనీళ్లు పోస్తే వదిలేదేమో. ఈయన కెవ్వుమని చెయ్యి లాగేశాడు, చర్మం చీరుకుపోయింది. పిల్లాడి మీద గీత కూడా పడలేదు, కానీ ఆ కేకకు హడలిపోయి చాలాకాలం ఆ గది వైపే వెళ్లలేదు. వాణ్ణి భయపెట్టింది పాము కాదే, నాన్న!

అందుకే మేత పెట్టే రోజు వద్దు. తిన్న తర్వాత రెండు రోజులూ దాన్ని ఎత్తకు, కక్కేస్తుంది. కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడిచే వేళ, దానికి సరిగా కనిపించదు, అప్పుడూ వద్దు.

పెద్దాణ్ణి నేల మీద కూర్చోబెట్టు. పాము నీ రెండు చేతుల్లోనే ఉండాలి, తల నీ వైపు. వాడు రెండు వేళ్లతో నడుము దగ్గర, తోక వైపుగా నిమిరితే చాలు. తల మీదుగా చెయ్యి పోనివ్వకు. మెడలో వేసి ఫోటోలు అసలే వద్దు. ఐదు నిమిషాలయ్యాక పెట్టెలో పెట్టెయ్. వాడు వద్దంటే మాత్రం బతిమాలకు. నీకు ఈత నేర్పేటప్పుడు నీళ్లలోకి తోసెయ్యమని అందరూ అన్నారు. నేను తొయ్యలేదు. గట్టున కూర్చుని కాళ్లు ఆడిస్తూ ఎన్నాళ్లు గడిపావో! ఒకరోజు నేను అటు తిరిగి ఉండగా నువ్వే దూకావు, నా ప్రాణం పోయిందనుకో.

పెట్టె మూతకు గొళ్లెం ఉందా, ఊరికే జరిపే మూతేనా? ఆదివారం లోపు ఫోటో తీసి పంపు. చూశాకే సరేనంటాను.

మామయ్య