హాస్పిస్‌కి వెళ్తానంటే మావాడు వద్దంటున్నాడు

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. మావారు పాంక్రియాస్ కేన్సర్‌తో పోయి ఏడు నెలలైంది. చివరి పదకొండు రోజులు ఐసీయూలోనే. పూటకో పది నిమిషాలు చూడనిచ్చేవాళ్లు. ప్రాణం పోయేటప్పుడు పక్కన మేమెవరం లేము. ఇప్పుడు హాస్పిస్‌లో, అంటే జబ్బు నయం కాని చివరి దశలో ఉన్నవాళ్లని చూసుకునే చోట, వాలంటీరుగా చేయాలని ఉంది. మా అబ్బాయి ‘రోజూ చావులు చూసొచ్చి చంటిపిల్లని ఎత్తుకుంటావా?’ అని కేకలేశాడు. నాది తప్పా? – ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: తప్పేం కాదమ్మా. కానీ ఇప్పుడే వద్దంటాను. మీవాడు చెప్పిన కారణానికి మాత్రం కాదు.

కేన్సర్ అంటుకునే జబ్బు కాదు. హాస్పిస్ అంటే రోజూ శవాలు లేచే చోటూ కాదు. నొప్పి ఎక్కువున్నవాళ్లకి నాలుగు గంటలకోసారి మార్ఫిన్ మందు ఇస్తారు, పుండ్లు కడిగి కట్టు కడతారు, నొప్పి తగ్గాక ఇంటికెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. చంటిపిల్ల గురించే భయమైతే ‘స్నానం చేసి, బట్టలు మార్చుకునే ఎత్తుకుంటానులేరా’ అంటే తీరిపోయేది. దానికి అంత కేకలెందుకు?

ఐసీయూ కాగితాల మీద సంతకం ఎవరు పెట్టారో మీరు రాయలేదు. మీ అబ్బాయే అయితే, ‘పోయేవాళ్ల పక్కన కూర్చుంటాను’ అని మీరన్నప్పుడల్లా అతనికి ‘నాన్న పక్కన నన్ను కూర్చోనివ్వలేదు కదరా’ అని వినబడుతోందేమో. నా ఊహ తప్పు కావచ్చు. కానీ అడిగి చూడాల్సిన సంగతే.

ఇక మీ సంగతి. నేను మొదటిసారి వాలంటీరుగా వెళ్లినప్పుడు ఏమేం మాట్లాడాలో ఇంటి దగ్గరే అనుకుని వెళ్లాను. ఆ పెద్దాయన నన్ను చూసి అడిగింది ఒక్కటే: ‘కాలి గోళ్లు తీస్తావా అమ్మా, దుప్పటికి పట్టుకుంటున్నాయి.’ గోరువెచ్చని నీళ్లలో పాదాలు నానబెట్టి, ఒక్కో గోరూ తీసేసరికి అరగంట పట్టింది. ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. వాలంటీరు పని చాలావరకు ఇలాంటిదే. మందుల జోలికి వెళ్లకూడదు. పేపరు చదివి పెట్టడం, తడి దూదితో పెదాలు తుడవడం, రాత్రంతా మేల్కొన్న కూతుర్ని ‘ఓ గంట పడుకో తల్లీ’ అని పంపడం.

తల్లి పోయిన రెండు నెలలకే ఒకావిడ మాతో చేరింది. మంచి మనిషి. రోగి కూతురి దగ్గర కూర్చుని తన తల్లి గురించి చెబుతూ చెబుతూ భోరుమంది. చివరికి ఆ కూతురే ఈవిడ వీపు నిమరాల్సి వచ్చింది. దగ్గరివాళ్లు పోయినవాళ్లని ఏడాది ఆగి రమ్మని చాలాచోట్ల చెప్పేది ఇందుకే. మీవారి సంవత్సరీకం అయ్యేదాకా పడక దగ్గరికి వెళ్లకండి.

ఈలోపు ఖాళీగా ఉండమని కాదు. మీ ఊళ్లోనే ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) ఉంది, స్పర్శ్ హాస్పిస్ ఉంది. మీవారు పోయి ఎన్నాళ్లయిందో దాచకుండా చెప్పి, శిక్షణ ఎప్పుడో, రోగుల దగ్గరికి వెళ్లకుండా చేసే పనేమైనా ఉందో అడగండి. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ కేర్ పల్లెలకి పాకిందంటే ఇరుగుపొరుగువాళ్ల చలవే. రోగి ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లలు బడికి వెళ్తున్నారా అని చూసిందీ వాళ్లే. నా లెక్కలో అదీ సేవే.

అబ్బాయితో మాత్రం ఈ వారమే మాట్లాడండి. కోడలి ముందు వద్దు. చంటిది నిద్రపోయాక ఇద్దరే కూర్చోండి. హాస్పిస్ ఊసెత్తకుండా, ‘ఆ పదకొండు రోజులు నువ్వెలా గడిపావురా?’ అని అడగండి. అతను చెప్పేది పూర్తయ్యేదాకా మీ పదకొండు రోజులు బయటికి తీయకండి.