మీరు అడిగారు: బిల్ విథర్స్ పాడటం ఎందుకు మానేశాడు?

పోయిన సంచికలో పాత అమెరికన్ సోల్ పాటల (చర్చి పాటల గొంతుతో ప్రేమ, కష్టాలు పాడేవి) గురించి రాస్తూ బిల్ విథర్స్ అనే సింగర్ పేరు ఒక్క లైన్లో చెప్పి ముందుకెళ్లిపోయాను. ఉత్తరాలు, మెయిల్స్ అన్నీ ఆ ఒక్క లైన్ మీదే వచ్చాయి, సరే, ఈసారి కాలమ్ మొత్తం ఆయనకే ఇచ్చేద్దాం.

ప్రశ్న: సర్, మేం డాలస్‌లో ఉంటాం. మా పాప స్కూల్ క్వయర్‌లో ‘లీన్ ఆన్ మీ’ పాడుతోంది, ఇల్లంతా అదే పాట. ఇది చర్చి పాటా, సినిమా పాటా? (ఓ అమ్మ, డాలస్)

రెండూ కాదమ్మా. బిల్ విథర్స్ సొంతంగా రాసి ట్యూన్ కట్టి పాడుకున్న పాట, 1972 జూలైలో అమెరికాలో నంబర్ వన్ అయింది. చర్చిల్లో కూడా పాడుతుంటారు కాబట్టి మీకు అలా అనిపించడంలో వింతేం లేదు. లాస్ ఏంజెలెస్‌లో ఆయన కొత్తగా ఒక ఎలక్ట్రిక్ పియానో కొనుక్కున్నాడు, వాయించడం పెద్దగా రాదు, ఊరికే వేళ్లు పక్కపక్క మెట్ల మీద పైకీ కిందకీ జరుపుతుంటే ఆ ట్యూన్ తగిలింది. ఇంట్లో హార్మోనియం ఉంటే చూడండి, స రి గ మ అని ఎక్కి మ గ రి స అని దిగడమే, పాట మొదలు అంతే. మాటలు మాత్రం సొంతూరు నుంచి వచ్చాయి. వెస్ట్ వర్జీనియాలో స్లాబ్ ఫోర్క్ అనే చిన్న బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడాయన, అక్కడ పక్కింటోళ్లకి కష్టమొస్తే అడక్కుండానే వెళ్లి నిలబడేవాళ్లు, లాస్ ఏంజెలెస్ లాంటి సిటీకి వచ్చాక అది లేదని తెలిసొచ్చింది. కరోనా మొదలైన రోజుల్లో చాలా దేశాల్లో జనం ఈ పాటే పాడుకున్నారు, సరిగ్గా అప్పుడే, 2020 మార్చి 30న, గుండె జబ్బుతో 81 ఏళ్లకి ఆయన పోయాడు.

ప్రశ్న: ఆయనకి నత్తి ఉండేదని విన్నాను. నాకూ ఉంది, అందుకే అడుగుతున్నా. నత్తి ఉన్న మనిషి సింగర్ ఎలా అయ్యాడు? (డిగ్రీ స్టూడెంట్, హనుమకొండ)

ఉండేది బాబూ, 28 ఏళ్ల దాకా ఉండేదని ఆయనే చెప్పుకున్నాడు. 1938 జూలై 4న పుట్టాడు, ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. నాన్న గని కార్మికుడు, బిల్‌కి 13 ఏళ్లప్పుడు చనిపోయాడు. పెరిగింది పక్కనే బెక్లీ అనే టౌన్లో, అమ్మ వైపు వాళ్ల దగ్గర. అమ్మమ్మ అంటే ప్రాణం, తర్వాత ‘గ్రాండ్‌మాస్ హ్యాండ్స్’ అని ఆవిడ చేతుల మీద ఏకంగా పాటే రాశాడు. నత్తి వల్ల ఎవరితో కలవలేక, ఊళ్లో ఉంటే గని తప్ప ఇంకో దారి లేక, 17 ఏళ్లకి నేవీలో చేరిపోయి తొమ్మిదేళ్లు అక్కడే పనిచేశాడు. నత్తి తగ్గింది ఎలాగంటే, ఎదుటివాళ్లు నాకంటే గొప్పోళ్లు, వాళ్లు నన్ను ఏమనుకుంటారో అన్న భయమే అసలు మూలం అని తనకి అర్థమైందట, దాంతో మాట్లాడేటప్పుడు ముందున్న వాళ్లందర్నీ బట్టల్లేకుండా ఊహించుకోవడం లాంటి చిట్కాలు మొదలుపెట్టాడు! అది ఆయనకి పనిచేసింది, మీరు మాత్రం ముందు మంచి స్పీచ్ థెరపిస్ట్‌ని కలవండి, నత్తికి అందరికీ ఒకే కారణం ఉండదు.

ఇంకో మాట. నేవీలో ఉండగా ఆయనేం స్టార్ కాదు, గిటార్ కూడా రాదు. ఆ తర్వాత ఒక క్లబ్‌లో పాడేవాళ్లకి ఎంతిస్తారో విని, ఇదేదో బానే ఉందే అనుకుని, తాకట్టు షాపులో సెకండ్ హ్యాండ్ గిటార్ కొని నేర్చుకున్నాడు.

ప్రశ్న: విమానాల్లో టాయిలెట్లు చేసేవాడట కదా, నిజమా లేక పబ్లిసిటీ కోసం పుట్టించిన కథా? (విజయవాడ)

పచ్చి నిజం. 1967లో లాస్ ఏంజెలెస్ వచ్చి వెబర్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే ఫ్యాక్టరీలో చేరాడు, 747 విమానాలకి టాయిలెట్లు బిగించే పని. జీతంలోంచి మిగుల్చుకుని డెమో టేపులు చేయించి కంపెనీల చుట్టూ తిరిగేవాడు. చివరికి ససెక్స్ అనే చిన్న రికార్డ్ కంపెనీ నడిపే క్లారెన్స్ అవాంట్ చేతిలో పడ్డాడు, బుకర్ టి జోన్స్ ప్రొడ్యూసర్‌గా 1971లో ‘జస్ట్ యాజ్ ఐ యామ్’ ఆల్బమ్ వచ్చింది. అప్పటికి వయసు 32, ఆ ఫీల్డ్‌లో 32 అంటే ఇంక ఇంటికెళ్లిపో అనే వయసు.

ఆల్బమ్ కవర్ ఒకసారి చూడండి. ఇటుక గోడ పక్కన నిలబడి నవ్వుతుంటాడు, చేతిలో టిఫిన్ పెట్టె. అది స్టూడియోలో సెట్టింగ్ కాదు, ఫ్యాక్టరీ దగ్గరే, లంచ్ బ్రేక్‌లో తీసిన ఫోటో. ఆల్బమ్ రెడీ అవుతున్నా ఉద్యోగం వదల్లేదు, ఈ సంగీతం వ్యాపారం ఎప్పుడు ఎలా తిరుగుతుందో అని. ‘ఎయింట్ నో సన్‌షైన్’ హిట్టయి, బాగా అమ్ముడైన పాటలకిచ్చే గోల్డ్ రికార్డ్ వచ్చాక రికార్డ్ కంపెనీ వాళ్లు ఆయనకి బంగారు రంగు టాయిలెట్ సీటు ఒకటి బహుమతిగా ఇచ్చారు. మరీ వెటకారం కాకపోతే!

ప్రశ్న: ఆ ‘ఎయింట్ నో సన్‌షైన్’ విన్నా సర్. మధ్యలో ‘ఐ నో, ఐ నో’ అని అదేపనిగా అంటాడు. మాటలు దొరకలేదా? (గుంటూరు)

అవును, దొరకలేదు! 26 సార్లు అంటాడు, నేను చెప్పేది నిజం. అక్కడ తర్వాత ఇంకేదో రాద్దామనుకున్నాడు, రికార్డింగ్‌లో ఉన్న బుకర్ టి వాళ్లు అలాగే వదిలెయ్ అన్నారు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్తవాడిని, వీళ్లకంటే నాకేం తెలుసు అని వదిలేశాడు. పాట రెండు నిమిషాలే. పైగా అది రికార్డుకి రెండో వైపు వేసిన పాట, మొదటి వైపు ‘హార్లెమ్’, రేడియో వాళ్లు తిప్పి వేశారు కాబట్టి బయటపడింది. గ్రామీ కూడా వచ్చింది. ఇప్పుడు మీరే చెప్పండి, మాటలు కావాలా?

ప్రశ్న: సోల్ అంటే గట్టిగా అరిచి పాడటం అనుకుంటాం, ఈయన మామూలుగా మాట్లాడుతున్నట్టే ఉంటాడేంటి? (వైజాగ్)

చర్చిలో గాస్పెల్ పాడే గొంతుని ప్రేమకీ, కష్టాలకీ వాడితే పుట్టిందే సోల్. రే చార్లెస్, అరీతా ఫ్రాంక్లిన్ పాడుతుంటే ఆ చర్చి వినిపిస్తుంది. విథర్స్ ఆ పక్కకి ఎక్కువ పోలేదు, స్టూల్ మీద కూర్చుని గిటార్ వాయిస్తూ పాడేవాడు. దమ్ము లేక కాదండీ, 1977లో వచ్చిన ‘లవ్లీ డే’ చివర్లో ఒకే స్వరం 18 సెకన్లు పట్టి ఉంచుతాడు. మీరూ ట్రై చేయండి, ఫోన్లో టైమర్ పెట్టుకుని.

ప్రశ్న: ఇన్ని హిట్లు ఉండీ 1985 తర్వాత ఒక్క ఆల్బమ్ కూడా లేదు. తాగుడా, జబ్బా, ఏం జరిగింది సర్? (హైదరాబాద్)

ఎక్కువ మంది అడిగింది ఇదే, అందరూ ఏదో ట్రాజెడీ ఉంటుందని ఎదురుచూస్తున్నట్టున్నారు. లేదు. కంపెనీలతో విసిగిపోయాడు, అంతే. ససెక్స్ వాళ్లు డబ్బులు సరిగా ఇవ్వట్లేదని గొడవ, కోపంలో తను చేసిన ఒక ఆల్బమ్ మొత్తం చెరిపేశానని ఆయనే చెప్పాడు. 1975లో ఆ కంపెనీ మూతపడింది. తర్వాత కొలంబియా, పెద్ద కంపెనీ, అక్కడ ఇంకో రకం నరకం. ఏ పాట పాడాలో, ఎలా పాడాలో చెప్పే ఆఫీసర్లు ఎక్కువ, ఒకాయన ఎల్విస్ పాడిన ‘ఇన్ ద ఘెట్టో’ పాడమన్నాడట. తన పాటలు తనే రాసుకునే మనిషికి ఆ సలహా! 1978 తర్వాత 1985 దాకా వాళ్లకి ఒక్క సోలో ఆల్బమ్ లేదు, ఆ గ్యాప్‌లోనే గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ అనే శాక్సఫోన్ ఆయనతో ‘జస్ట్ ద టూ ఆఫ్ అస్’ పాడితే అది 1981లో నంబర్ టూ దాకా వెళ్లింది, అదీ వేరే కంపెనీ నుంచి. అంటే గొంతు పోలేదు, జనం మర్చిపోనూ లేదు. 1985లో ఆఖరి ఆల్బమ్ ఇచ్చి దండం పెట్టేశాడు.

నా లెక్క ఏంటంటే, చిన్నప్పుడే స్టేజ్ ఎక్కినవాడికి స్టేజ్ దిగితే బతుకు లేదనిపిస్తుంది, ఈయనకి ఆ భయం లేదు. 30 దాటేవరకు నేవీ, ఫ్యాక్టరీ, పాల డెలివరీ కూడా చేశాడు, పాట లేకుండా బతకడం ఆల్రెడీ తెలుసు. పైగా పాటలు తనవే కాబట్టి రాయల్టీలు వస్తూనే ఉన్నాయి, ఆ వ్యవహారమంతా భార్య మార్షా చూసుకునేది. ఇద్దరు పిల్లలు, లాస్ ఏంజెలెస్‌లో ఇల్లు, హాయిగా ఉన్నాడు.

ఆయన చెప్పిన ఒక ముచ్చట. ఆదివారం పొద్దున ఒక హోటల్లో తింటుంటే పక్క టేబుల్ ఆడవాళ్లు, చర్చి నుంచి వచ్చినవాళ్లు, ఇవాళ పాడాం కదా బిల్ విథర్స్ పాట అని మాట్లాడుకుంటున్నారు. ఈయన వంగి, అమ్మా ఆ బిల్ విథర్స్‌ని నేనే అన్నాడు. ఒకావిడ ఎగాదిగా చూసి, నువ్వు కాదులే, ఆయన ఇంత తెల్లగా ఉండడు అనేసింది!

2015లో గొప్ప సంగీతకారులకి గౌరవంగా ఇచ్చే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి సింగర్ స్టీవీ వండర్ ఈయన్ని ఆహ్వానించాడు. ఈయన వెళ్లి స్పీచ్ ఇచ్చి అందర్నీ నవ్వించాడు, పాడే పని మాత్రం చాలావరకు స్టీవీకి, ఇంకో సింగర్ జాన్ లెజెండ్‌కి వదిలేశాడు.

ప్రశ్న: ఎక్కడ మొదలుపెట్టి వినాలి? ఒక్కటే చెప్పండి. (ఖమ్మం)

కార్నెగీ హాల్ లైవ్ రికార్డింగ్, 1972 అక్టోబర్ 6న న్యూయార్క్‌లో చేసింది. పాటల మధ్య ఆయన మాటలు స్కిప్ చేయకండి, అమ్మమ్మ గురించి చెప్పేది అక్కడే ఉంది. వియత్నాం యుద్ధంలో కుడి చెయ్యి పోయిన కుర్రాడి పాట కూడా అందులోనే, అది మాత్రం డ్రైవింగ్‌లో వినొద్దు.