ముందు నీటిమట్టం, తర్వాతే ఎర

ప్రశ్న: అమెరికాలో బాస్ చేపలు పట్టే వీడియోలు చూసి రబ్బరు కప్ప కొన్నాను. శంకర్‌పల్లి వైపు చెరువుల్లో కొర్రమీను కోసం వేస్తే ఒక వారం ఎగబడుతుంది, మరో వారం అదే చోట అలికిడే ఉండదు. ఎందుకిలా?
– ఓ పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: చెరువు ఎక్కుతోందా, తగ్గుతోందా అన్నది ముందు చూడండి. ఒడ్డున గడ్డి మునిగి ఉంటే ఎక్కుతున్నట్టు, తడి బురద బయటపడితే తగ్గుతున్నట్టు. వానలకు నీళ్లు ఎక్కేటప్పుడు కొర్రమీను కొత్తగా మునిగిన శిఖం (నీళ్లు తగ్గితే బయటపడే చెరువు అంచు నేల) గడ్డిలోకి, మోకాలి లోతుకు వచ్చేస్తుంది. కప్పలు, పురుగులు దొరికేది అక్కడే. అప్పుడు కట్ట మీది నుంచి నడిచెరువులోకి విసరడం దండగ. తూము తీశాక మాత్రం అంచు వదిలి గుర్రపుడెక్క చివర్లకు, పాత వాగు పల్లానికి జారుకుంటుంది.

తర్వాత నీటి రంగు. ఎరను నీళ్లలో దించండి. జానెడు లోతులోనే కనబడకుండా పోతే నల్ల కప్ప కట్టి, చప్పుడయ్యేలా నెమ్మదిగా లాగాలి. నీళ్లు తేటగా ఉంటే ఆకుపచ్చ, గోధుమ రంగులు చాలు. కానీ దూరంగా విసరాలి, మీ నీడ నీళ్ల మీద పడకూడదు. నాచులోంచి చేపను లాగాలంటే 30–40 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ లైను (పోగులు అల్లిన గాలం దారం) ఉండాల్సిందే.

చేప ఎరను కొట్టి నీళ్లు ఎగజిమ్మగానే రాడ్ గుంజితే ఖాళీ కప్పే తిరిగొస్తుంది. ఒకటి, రెండు లెక్కపెట్టి, లైను బరువెక్కాక గుంజండి.

వీడియోల్లో ఒక్క సలహా మాత్రం ఇక్కడ పనికిరాదు: ఎండలు ముదిరితే లోతుకు వెళ్లమనేది. బాస్ మొప్పలతోనే బతుకుతుంది. కొర్రమీను పైకొచ్చి గాలి మింగుతుంది కాబట్టి, వేడెక్కిన నాచు మడుగులోనూ ఉంటుంది. ఎండాకాలం పొద్దునా సాయంత్రం, చలికాలం మధ్యాహ్నం వేయండి. ఎర్రటి పిల్లల గుంపు పైన తిరుగుతుంటే అక్కడ గాలం వద్దు. కింద కాపలా ఉన్న తల్లిదండ్రుల్ని పడితే పిల్లలన్నీ ఇతర చేపల పాలే.

ప్రశ్న: మా దగ్గరి చెరువు పచ్చగా మారింది. తెల్లవారుజామున బొచ్చెలు, రవ్వులు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఎర మాత్రం ముట్టవు.
– ఓ పాఠకురాలు, నిజాంపేట

జవాబు: అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. పచ్చటి నాచు పగలు ఆక్సిజన్ వదిలినా, రాత్రి పీల్చుకుంటుంది. అందుకే తెల్లారేముందు నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ముసురు పట్టిన మర్నాడు ఇంకా ఘోరం. పిండి ముద్దలు మార్చి లాభం లేదు. బాగా పొద్దెక్కాక, అలలు తగిలే, నాచు పేరుకోని ఒడ్డున వేయండి. అదే వేకువలో, గాలి మింగే కొర్రమీను మాత్రం ఎరను కొట్టొచ్చు. అయితే చెరువులో మురుగు కలుస్తుంటే పట్టినదాన్ని వండుకోకండి. ఏ చెరువైనా మత్స్య సహకార సంఘం చేతిలో ఉంటే ముందు వాళ్లను అడగాలి.