కొత్త సోలార్ ప్యానెల్ కోసం ఆగాలా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవే, అందులోనూ సోలార్ గురించి అడిగినవే. నా పరిశోధన కూడా సోలార్ సెల్ పదార్థాల మీదే కాబట్టి, కొన్నింటికి కాస్త వివరంగా రాస్తున్నాను.

మేడమ్ గారికి నమస్కారం. మాది వజ్రపుకొత్తూరు దగ్గర ఊరు, సముద్రం పక్కనే. ఇంటి మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామనుకుంటే, 34 శాతం ఇచ్చే పెరోవ్‌స్కైట్ ప్యానెళ్లు వస్తున్నాయి, రెండేళ్లు ఆగు నాన్నా అంటున్నాడు మా అబ్బాయి. ఏటి చెయ్యమంటారు?
– ఒక జీడి రైతు

ఆగొద్దండి, పెట్టించేయండి.

మీ అబ్బాయి చెప్పింది అబద్ధమేమీ కాదు. ఇప్పటి ప్యానెళ్లలో ఉండే సిలికాన్ మీద, పెరోవ్‌స్కైట్ అనే ఒక రకం స్ఫటిక పదార్థం పొర వేసి చేసిన జంట సెల్ ల్యాబ్‌లో 34 శాతం దాటింది, అంటే తన మీద పడిన వెలుతురులో అంత వంతుని కరెంటుగా మార్చింది. 2009లో జపాన్‌లో మియసాక బృందం పెరోవ్‌స్కైట్‌తో మొదటిసారి సెల్ చేసినప్పుడు వచ్చింది 3.8 శాతమే. సిలికాన్ సంగతి చూస్తే, 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో 6 శాతం దగ్గర మొదలైంది, ఇవాళ షాపులో దొరికే ప్యానెల్ 20, 23 శాతం మధ్యకి రావడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. పెరోవ్‌స్కైట్ అంత వేగంగా ఎదిగింది కాబట్టే మాలాంటివాళ్లం దాని వెంట పడ్డాం.

కానీ ఆ 34 శాతం వచ్చిన సెల్ వైశాల్యం సుమారు ఒక చదరపు సెంటీమీటరు. అంటే మీ బొటనవేలి గోరంత. దాన్ని తలుపంత ప్యానెల్‌గా చేసి, మీ ఊరి ఉప్పుగాలిలో పాతికేళ్లు నిలబెట్టాలి. అసలు కష్టమంతా అక్కడుంది. పెరోవ్‌స్కైట్ పొర చాలా పలచన, ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు (సిలికాన్ పలక 150 మైక్రాన్ల దాకా ఉంటుంది). ఆ పొరంతా కొన్ని వందల నానోమీటర్ల (మైక్రాన్‌లో వెయ్యో వంతు ఒక నానోమీటరు) గింజలు ఒకదానికొకటి ఆనుకుని ఏర్పడ్డదే. సెల్‌ని విరిచి ఆ అంచుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే గింజకీ గింజకీ మధ్య సందులు, అడుగున చిన్న చిన్న ఖాళీలు బయటపడతాయి. తేమ దూరేది ఆ సందుల్లోంచే. మొదట్లో ఎక్కువగా వాడిన మిథైల్ అమ్మోనియం రకమైతే తేమ, వేడి కలిసి కొట్టినప్పుడు విడిపోయి పసుపు రంగు లెడ్ అయొడైడ్‌గా (సీసం, అయొడిన్ కలిసిన పదార్థం) మారిపోతుంది, నల్లని సెల్ కళ్లముందే పసుపెక్కుతుంది. ప్యానెళ్లకి పెట్టే పరీక్షల్లో ఒకటి 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచడం. ఇలాంటి పరీక్షలన్నీ సిలికాన్ ఎప్పుడో నెగ్గింది, ఎండలో దశాబ్దాలు నిలిచి చూపించింది కూడా. అందుకే ఎవరైనా కొత్త సెల్ గురించి చెబితే, ఎంత శాతం అన్నదానితోపాటు ఎన్ని గంటలు నిలిచింది, ఎంత సైజు అని కూడా తప్పకుండా అడగండి.

మీకు ఇప్పుడు పీఎం సూర్య ఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, రోజుకి సగటున 12 యూనిట్ల దాకా రావచ్చు. సముద్రం పక్కనే అన్నారు కాబట్టి ప్యానెల్‌కి ఉప్పుగాలి పరీక్ష, అంటే ఐఈసీ 61701 సర్టిఫికెట్ ఉందో లేదో అడిగి చూడండి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించండి, ఇనుపవైతే మీ దగ్గర తుప్పు పట్టడానికి ఎంతో కాలం పట్టదు.

మా మేడ మీద ప్యానెళ్లకి నానో కోటింగ్ కొడితే కరెంటు 20 శాతం పెరుగుతుందని ఒకతను చెబుతున్నాడు. మే నెలలో ఎండ మండిపోతున్నా యూనిట్లు తక్కువే పడుతున్నాయి, అదొక టెన్షన్. కొట్టించమంటారా?
– గృహిణి, బొబ్బిలి

వద్దమ్మా. లెక్క చూడండి. మామూలు గాజు మీద పడిన వెలుతురులో పై నుంచి వెనక్కి తిరిగిపోయేది సుమారు 4 శాతం. దాన్ని తగ్గించే పలచని పూత ఇప్పటి ప్యానెళ్ల మీద కంపెనీవాళ్లే వేసి పంపుతున్నారు. పూతే లేదనుకున్నా, మొత్తం వెనక్కి పోకుండా ఆపేసినా దక్కేది ఆ నాలుగే, మరి ఇరవై ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా తెలియని రసాయనం పూస్తే వారంటీ పోవచ్చు.

మేలో తగ్గడానికి కారణం వేడి. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మీ మేడ మీద ప్యానెల్ 65 డిగ్రీలకి చేరొచ్చు, ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున పడిపోతుంది కాబట్టి 14 శాతం అక్కడే పోయినట్టు. అది సిలికాన్ స్వభావం, ప్యానెల్ పాడైనట్టు కాదు. తెల్లవారుజామున, గాజు చల్లగా ఉన్నప్పుడు మంచినీళ్లతో, మెత్తటి గుడ్డతో దుమ్ము కడిగించండి. బోరునీళ్లు గట్టివైతే తెల్లటి మరకలు మిగులుతాయి, వాటిని వాడకండి.

కాలేజీ మైక్రోస్కోప్‌లో నానో కణాలు ఎందుకు కనిపించవు? ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఎలా కనిపిస్తాయి? దాన్ని మాలాంటివాళ్లు వాడే వీలుందా?
– బీఎస్సీ విద్యార్థిని, విజయనగరం

చాలా ఇష్టంగా జవాబిస్తున్నానమ్మా. భీమిలి ఒడ్డున అల పెద్ద పడవకి తగిలితే చెదురుతుంది, నీళ్లలో గుచ్చిన సన్న కర్ర ఉన్నట్టే తెలియకుండా దాటిపోతుంది. వెలుతురూ అలే. దాని తరంగదైర్ఘ్యం, అంటే ఒక అల నుంచి పక్క అలకి దూరం, 400 నుంచి 700 నానోమీటర్లు, కాబట్టి ఎంత మంచి లెన్స్ పెట్టినా 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడివిడిగా చూపించలేదు. ఎలక్ట్రాన్‌కి కూడా తరంగ స్వభావం ఉంది, దాన్ని 2 లక్షల వోల్టులతో పరుగెత్తిస్తే తరంగదైర్ఘ్యం 0.0025 నానోమీటర్లకి పడిపోతుంది. సిలికాన్‌లో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 0.235 నానోమీటర్లు, ఇక అర్థం చేసుకో. 1931లో జర్మనీలో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ అయస్కాంత చుట్టల్నే లెన్సులుగా పెట్టి మొదటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కట్టారు. రుస్కాకి నోబెల్ వచ్చింది 1986లో, అంటే 55 ఏళ్ల తర్వాత!

ఎలక్ట్రాన్లు గాలికి తగిలి చెదిరిపోకుండా లోపలంతా శూన్యం చేస్తారు. నమూనాలోంచి ఎలక్ట్రాన్లని అవతలికి పంపి చూసే టెమ్ రకంలో, ఆ నమూనా 100 నానోమీటర్ల కంటే పలచగా ఉండాలి. పొడి అయితే ఆల్కహాల్‌లో కలిపి, 3 మిల్లీమీటర్ల రాగి జల్లెడ మీద ఒక్క చుక్క వేసి ఆరబెడతాం. పై రూపం చూపే సెమ్ రకంలో, కరెంటు పారని నమూనాకైతే కొద్ది నానోమీటర్ల బంగారం పూత వేస్తాం. పత్రికల్లో రంగురంగుల బొమ్మలు చూస్తుంటావు కదా, ఆ రంగులన్నీ తర్వాత వేసినవే, మాకు కనిపించేది నలుపు తెలుపే. ఇక పెరోవ్‌స్కైట్‌తో ఇంకో చిక్కు ఉంది. మనం చూడ్డానికి పంపే ఎలక్ట్రాన్లే దాన్ని పాడుచేస్తాయి, ఎక్కువసేపు చూస్తే మనం చూసేది సెల్ లోపమా, మనం చేసిన గాయమా తెలియదు. అందుకే తక్కువ ఎలక్ట్రాన్లతో, త్వరగా బొమ్మ తీసేయాలి. ఈ జాగ్రత్త నేర్చుకోవడానికే మా విద్యార్థులకి చాలా కాలం పడుతుంది.

వాడే వీలుంది. కేంద్ర ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలో ఏ సంస్థలో ఏ పరికరం ఉందో వెతికి, మీ లెక్చరర్ ద్వారా బుక్ చేసుకోవచ్చు.

పెరోవ్‌స్కైట్‌లో సీసం ఉంటుందట. తిత్లీ లాంటి తుఫాను వచ్చి ప్యానెళ్లు పగిలితే మా చెరువుల గతేమిటి?
– ఉపాధ్యాయుడు, మందస

2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటడం చూసినవారు అడగాల్సిన ప్రశ్నే ఇది. సీసం ఉన్న మాట నిజం. పొర పలచన కాబట్టి పరిమాణం తక్కువే, కానీ పొర విడిపోయాక ఆ సీసం నీళ్లలో కరిగే రూపంలోకి మారుతుంది, ఆ విషయం దాచకూడదు. గాజు పగిలినా సీసాన్ని పట్టి ఉంచే పొరలు లోపల పెట్టడం మీద, సీసం బదులు తగరం వాడటం మీద పని జరుగుతోంది, తగరంతో సామర్థ్యం ఇంకా వెనకబడే ఉంది. మామూలు సిలికాన్ ప్యానెళ్ల టంకంలో కూడా కొంచెం సీసం ఉంటుంది మాస్టారూ. ఏ రకమైనా పగిలిన ప్యానెల్‌ని చెరువుగట్టున పారేయనివ్వకండి.

కళింగపట్నం బీచ్‌లో నల్ల ఇసుక సోలార్‌కి పనికొస్తుందని విన్నాం, నిజమేనా?
– తొమ్మిదో తరగతి పిల్లలు, గార మండలం

కొంత నిజం. ఆ నలుపులో ఎక్కువగా ఉండేది ఇల్మనైట్, అంటే ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. దాని నుంచి ఫ్యాక్టరీల్లో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి తీస్తారు. గోడకి వేసే తెల్ల రంగులో ఉండేది అదే. రంగులో దాని రేణువులు 200, 300 నానోమీటర్లు ఉంటాయి, వెలుతుర్ని బాగా చెదరగొడతాయి కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. అదే పొడిని 20 నానోమీటర్లకి తగ్గించి పలచగా పూస్తే అద్దంలా అవతలివైపు కనిపిస్తుంది! ఒక గ్రాము పొడికి సుమారు 50 చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది. 1991లో గ్రాట్జెల్, ఓరెగన్ అనే శాస్త్రవేత్తలు ఈ నానో పొడికి రంగు పట్టించి 7 శాతం ఇచ్చే సోలార్ సెల్ చేశారు. పెరోవ్‌స్కైట్ సెల్స్‌లో కూడా ఎలక్ట్రాన్లని బయటికి లాగే పొరగా దీన్ని వాడుతున్నారు.

ఇసుక నుంచి ఆ పొడి తీయడానికి గాఢమైన ఆమ్లమో క్లోరిన్ వాయువో కావాలి కాబట్టి మీరు ప్రయత్నించకండి. ఒక అయస్కాంతం మాత్రం బీచ్‌కి తీసుకెళ్లండి. గట్టిగా అతుక్కునేది మాగ్నటైట్. ఇల్మనైట్ బలహీనంగా లాగుతుంది, మామూలు అయస్కాంతానికి అంతగా రాదు. ఎర్రగా మెరిసేవి గార్నెట్లు. మూడింటినీ వేరు చేసి కాగితాలకి అంటించి పంపితే, వాటిని సెమ్‌లో పెట్టి ఏ రేణువులో ఏ మూలకముందో బొమ్మలతో సహా మీ స్కూలుకి పంపిస్తాను.