ముందు ల్యాండింగ్ తేదీ, తర్వాతే ప్యాకింగ్

ప్రశ్న: నా వయసు 38. తొమ్మిదేళ్లుగా టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో హెచ్‌1బీ మీద ఉన్నాం. గ్రీన్‌కార్డు ఇప్పట్లో వచ్చేలా లేదు. కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చింది, టొరంటోలో ఉద్యోగం కూడా ఖాయమైంది. నవంబరులోనైనా జనవరిలోనైనా చేరమన్నారు. రిటైర్మెంట్ ఖాతా 401కేలో 1.4 లక్షల డాలర్లు, వైద్య ఖర్చుల పొదుపు ఖాతా హెచ్‌ఎస్‌ఏలో 9 వేలు, పాప పేరున చదువుల పొదుపు 529 ప్లాన్‌లో 11 వేలు, కంపెనీ షేర్లు 60 వేల డాలర్లవి ఉన్నాయి. మిలియన్ డాలర్ల టర్మ్ పాలసీ, రెండు కార్లు (ఒకదానిపై లోన్), హైదరాబాద్ మియాపూర్‌లో అద్దెకిచ్చిన ఫ్లాట్ కూడా ఉన్నాయి. 401కే తీసేసుకుని, షేర్లు అమ్మేసి వెళ్లిపొమ్మని స్నేహితులు అంటున్నారు. ముందు దేని సంగతి చూడాలి?

జవాబు: ముందు చూడాల్సింది క్యాలెండర్. టొరంటో కంపెనీ మీకు తెలియకుండానే పెద్ద మేలు చేసింది, నవంబరా జనవరా అని మిమ్మల్నే అడిగింది. జనవరి అని చెప్పండి. డిసెంబరు 31 వరకు ఫ్రిస్కోలోనే ఉండి, కొత్త సంవత్సరం మొదటి వారంలో కుటుంబంతో సహా బయల్దేరండి.

నవంబరులో వెళ్తే ఆ ఏడాది అమెరికా పన్నుల లెక్కలో మీరు కొంతకాలం రెసిడెంట్, కొంతకాలం నాన్‌రెసిడెంట్. దాన్ని డ్యుయల్ స్టేటస్ రిటర్న్ అంటారు. అందులో స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకు ముందు ఆదాయంలోంచి తీసేసే స్థిర మొత్తం) ఉండదు, భార్యాభర్తలు కలిపి జాయింట్‌గా వేసే వీలూ ఉండదు. జాయింట్‌గా వేసేవాళ్లకు 2025 సంవత్సరానికి ఆ డిడక్షన్ 31,500 డాలర్లు. రెండు నెలల తొందర కోసం అంత వదులుకోవడం నాకైతే మనసొప్పదు. అదీగాక టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, అంటారియోలో ఉంది. జనవరి మొదట్లోనే వెళ్లిపోతే కొత్త ఏడాదిలో అమెరికాలో ఉన్న రోజులు 31కి చేరవు కాబట్టి, రోజుల లెక్కతో రెసిడెంట్ అయ్యే సమస్య కూడా రాదు.

పీఆర్ యాక్టివేట్ చేసుకోవడానికి ఓ వారాంతం వెళ్లి వచ్చారేమో, దాన్నే మనవాళ్లు సాఫ్ట్ ల్యాండింగ్ అంటారు. ఇల్లూ సంసారం ఫ్రిస్కోలోనే ఉన్నంతవరకు దానివల్ల పన్నుల రెసిడెన్సీ మొదలైనట్టు కాదు. నేను ల్యాండింగ్ తేదీ అంటున్నది మీరు నిజంగా కాపురం మార్చే రోజు గురించి.

ఇప్పుడు షేర్ల సంగతి. మీ స్నేహితుల సలహాకు సరిగ్గా వ్యతిరేకం చెబుతున్నాను, బయల్దేరే ముందు అమ్మకండి. కెనడాలో రెసిడెంట్ అయిన రోజున మీ దగ్గరున్న షేర్లను ఆ రోజు మార్కెట్ ధరకు కొన్నట్టుగానే కెనడా లెక్క వేసుకుంటుంది. అంతకు ముందు పెరిగిన లాభంతో దానికి పనిలేదు. అమెరికా వైపు చూస్తే, మీరు నాన్‌రెసిడెంట్ అయ్యాక అమ్మిన షేర్ల లాభం మీద మామూలుగా పన్ను అడగదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. ఈ ఒక్క విషయంలో గ్రీన్‌కార్డు రాకపోవడమే మీకు కలిసొచ్చింది! నవంబరులో వెళ్లి డిసెంబరులో అమ్మితే మాత్రం, ఆ ఏడాది 183 రోజులకు మించి అమెరికాలోనే ఉన్నారు కాబట్టి మెలిక పడుతుంది. అందుకూ జనవరే మేలు. అయితే కెనడా అడ్రస్ ఉన్నవాళ్ల ఖాతాల్లో ట్రేడింగ్‌ను కొన్ని బ్రోకరేజీలు ఆపేస్తాయి. మీ బ్రోకరేజీకి ఇప్పుడే ఫోన్ చేసి, అడ్రస్ మారితే అమ్మడం కుదురుతుందా అని అడగండి. కుదిరితే, మీరు అమెరికా పన్నులకు నాన్‌రెసిడెంట్ అని తెలిపే డబ్ల్యూ-8బెన్ ఫారం ఇవ్వాల్సి ఉంటుంది.

ఇదే సూత్రం మియాపూర్ ఫ్లాట్‌కీ వర్తిస్తుంది, మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఫ్లాట్ 48 లక్షలకు కొన్నారనుకుందాం. ల్యాండింగ్ రోజున విలువ కోటి పది, అయిదేళ్ల తర్వాత కోటి పాతికకు అమ్మారు. కెనడా దృష్టిలో లాభం 15 లక్షలే. కానీ ల్యాండింగ్ రోజు విలువకు కాగితం లేకపోతే, 77 లక్షల లాభం కాదని నిరూపించుకునే బాధ్యత మీ మీదే పడుతుంది. ఇండియా మాత్రం తన వంతు పన్ను 48 లక్షల నుంచే లెక్కేస్తుంది, అది వేరే సంగతి. కాబట్టి జనవరిలో హైదరాబాద్‌లో రిజిస్టర్డ్ వాల్యుయర్‌ను పంపించి, మీ ల్యాండింగ్ తేదీతో రిపోర్టు రాయించుకోండి. అందులో ఉండాల్సింది నిజమైన మార్కెట్ ధర. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు విలువ వేయించుకున్నారో, మీ చేత్తో మీరే లాభం పెంచుకున్నట్టు.

ఫ్లాట్ అద్దె, ఇండియా బ్యాంకు వడ్డీ ఇప్పటిలాగే చూపించాలి, ఈసారి కెనడా రిటర్న్‌లో. ఎన్‌ఆర్‌ఈ ఖాతా వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా కెనడాలో ఉంది. విదేశాల్లోని ఆస్తుల మొత్తం లక్ష కెనడా డాలర్లు దాటితే టీ1135 అనే ఫారం ఉంటుంది. మొదటి ఏడాదికి అక్కర్లేదు, రెండో ఏడాది నుంచి మరిచిపోవద్దు. ఫ్లాట్ అద్దెకిచ్చారు కాబట్టి అదీ ఆ లెక్కలోకి వస్తుంది. ఇండియా బ్యాంకుల కేవైసీలో పన్ను చెల్లించే దేశం అమెరికా నుంచి కెనడాకు మార్పించండి. మీ కిరాయిదారు టీడీఎస్ కోస్తున్నారా? ఎన్‌ఆర్‌ఐకి అద్దె ఇచ్చేవాళ్లు 31.2 శాతం కోయాలి. చాలామంది కిరాయిదార్లకు ఆ సంగతే తెలియదు.

401కే జోలికి వెళ్లకండి. ఇప్పుడు తీస్తే పన్ను కాక 14 వేల డాలర్లు ఒక్క పెనాల్టీకే పోతాయి. రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం లోపల పెరిగే డబ్బు మీద, తీసేవరకు కెనడా పన్ను అడగదు. మీరు రాయలేదు గానీ రాత్ ఐఆర్‌ఏ అనే రిటైర్మెంట్ ఖాతా ఉంటే మొదటి కెనడా రిటర్న్ గడువులోపు కెనడా పన్నుల శాఖకు ఒక ఎలక్షన్ లేఖ (ఒప్పందం వెసులుబాటు కోరుకుంటున్నట్టు తెలిపే లేఖ) పంపాలి, ఆపైన అందులో డబ్బు వేయకూడదు. ఇంకో మాట, 401కేలో కంపెనీ తన వంతుగా వేసిన మ్యాచ్ మొత్తం వెస్ట్ అయ్యిందో లేదో, అంటే పూర్తిగా మీ సొంతమైందో లేదో చూసుకుని ఉద్యోగంలో ఆఖరి రోజు నిర్ణయించండి.

హెచ్‌ఎస్‌ఏ, 529 కథ వేరు. కెనడా వీటిని గుర్తించదు, లోపల వచ్చే ఆదాయానికి ఏటా పన్ను కట్టమంటుంది. హెచ్‌ఎస్‌ఏ డబ్బును వైద్యానికి కాకుండా తీస్తే పన్నుతోపాటు 20 శాతం పెనాల్టీ. కానీ ఒక దారి ఉంది. ఖాతా తెరిచిన తర్వాత జేబులోంచి కట్టిన పాత ఆసుపత్రి బిల్లులకు ఇప్పుడు కూడా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. పాప డెలివరీ బిల్లు, రూట్ కెనాల్, కళ్లద్దాలు, పాత మెయిళ్లన్నీ ఒక ఆదివారం కూర్చుని వెతకండి. తొమ్మిది వేలు తేలడం కష్టం కాదు. 529లో ఉన్నది చిన్న మొత్తమే. అమెరికాలోనే ఉండిపోయే దగ్గరి బంధువు ఉంటే ఖాతా యజమానిగా వాళ్ల పేరు పెట్టొచ్చేమో ప్లాన్ వాళ్లను అడగండి. లేదంటే లాభం మీద పన్ను, 10 శాతం పెనాల్టీ కట్టి మూసేయండి. కెనడాలో పాపకు ఆర్‌ఈఎస్‌పీ అనే చదువుల పొదుపు ఖాతా తెరిచి ఏడాదికి 2,500 డాలర్లు వేస్తే ప్రభుత్వం 500 కలుపుతుంది.

సోషల్ సెక్యూరిటీ గురించి మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. తొమ్మిదేళ్లకు 36 క్రెడిట్లు, పెన్షన్ అర్హతకు కావాల్సిన నలభైకి నాలుగు తక్కువ. దీనికోసం ఇంకో ఏడాది ఆగే వాళ్లను చూశాను. అక్కర్లేదు. రెండు దేశాల మధ్య 1984 నుంచి ఒప్పందం ఉంది, కెనడాలో పనిచేసిన కాలాన్ని అర్హత కోసం కలుపుతారు.

ఇన్సూరెన్స్ విషయంలో నా నియమం ఒకటే, కొత్తది చేతికి రాకుండా పాతది వదలొద్దు. మీ టర్మ్ పాలసీ కంపెనీకి దేశం మారుతున్నట్టు రాసి, పాలసీ కొనసాగుతుందని మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ప్రీమియం కోసం ఒక అమెరికా బ్యాంకు ఖాతా ఉంచండి. కొత్త పాలసీలో క్లెయిమును లోతుగా తవ్వే రెండేళ్ల గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, పాత పాలసీ ఆ దశ దాటేసి ఉంటే అది బంగారమే.

కార్ల విషయానికొస్తే, బయల్దేరే ముందే మీ ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి క్లెయిముల చరిత్ర లేఖ, టెక్సాస్ నుంచి డ్రైవింగ్ రికార్డు తీసుకోండి. అవి లేకపోతే టొరంటోలో మిమ్మల్ని కొత్త డ్రైవరుగా చూసి ప్రీమియం వాయిస్తారు. బ్రాంప్టన్, మిసిసాగా వైపు ఇల్లు ఖాయం చేసేముందు ఆ పోస్టల్ కోడ్‌తో కారు ఇన్సూరెన్స్ కోట్ అడగండి, అద్దెలో మిగిలిందనుకున్నది అక్కడ పోవచ్చు. లైసెన్సు 60 రోజుల్లో మార్చుకోవాలి. లోన్ ఉన్న కారు అమ్మేయడమే నయం. రెండోది తీసుకెళ్తే సరిహద్దు దాటడానికి 72 గంటల ముందు అమెరికా కస్టమ్స్‌కు సమాచారం ఇవ్వాలి.

ఇక సామాన్ల జాబితా. నేను మారినప్పుడు మా ఆవిడ నగల్ని ‘బంగారు నగలు, కొన్ని’ అని ఒక్క ముక్కలో రాసి సరిహద్దు దగ్గర రెండు గంటలు కూర్చున్నాను. మీరు అలా చేయకండి. నల్లపూసలు, వడ్డాణం, నెక్లెస్, జత గాజులు ఒక్కొక్కటీ విడిగా రాయండి. ఒక్కోదానికి ఫొటో, విలువ కట్టించిన కాగితం జతచేయండి. వెంట తెచ్చేవి ఒక జాబితా, తర్వాత వచ్చేవి ఇంకో జాబితా, రెండూ మొదటి రోజే అధికారికి చూపించాలి. అలా సుంకం లేకుండా తెచ్చిన వస్తువును ఏడాదిలోపు అమ్మినా ఎవరికైనా ఇచ్చినా సుంకం కట్టాలి. నగదు పది వేల కెనడా డాలర్లు లేదా అంతకు మించి ఉంటే చెప్పి తీరాలి. పాప టీకాల కార్డు సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో పెట్టండి. అంటారియో బడిలో అడుగుతారు.

ఆరోగ్య బీమాలో మీకు అదృష్టం కలిసొచ్చింది. అంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఓహిప్‌కు ఉన్న మూడు నెలల నిరీక్షణను 2020లో తీసేశారు, దిగగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అదే బ్రిటిష్ కొలంబియా అయితే దిగిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన రెండు నెలలు ఆగాలి. కార్డు వచ్చేలోపు ఏదైనా అయితే అన్న టెన్షన్ ఉంటే కోబ్రా గుర్తుంచుకోండి, అంటే ఉద్యోగం మానేశాక కూడా పాత కంపెనీ ఆరోగ్య బీమాను సొంత డబ్బుతో కొనసాగించుకునే వీలు. ఎంచుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది, ఎంచుకుంటే కవరేజీ వెనకటి తేదీ నుంచే లెక్క. మందులు, పళ్లు, కళ్లద్దాలు మీ వయసువాళ్లకు ఓహిప్‌లో రావు, కొత్త కంపెనీ ప్లాన్ మొదటి రోజు నుంచే అమలవుతుందా అని ఆఫర్ లెటర్‌లో చూసుకోండి. ఒక చిక్కు ఉంది. మొదటి 183 రోజుల్లో 153 రోజులు అంటారియోలోనే ఉండాలి. అంటే బయట గడపడానికి మిగిలేది 30 రోజులే. ఉగాదికి ఇండియా టికెట్లు కొనాలనుకుంటే మూడు వారాల్లో తిరుగు టికెట్ ఉండేలా చూసుకోండి.